నాన్న అతికించిన బ్యాటు

లిష్కోవిత్సె,
14 ఫిబ్రవరి 2010

ఒరేయ్ రాదిమ్,

బతికే ఉన్నావా? నీ చేత్తో రాసిన ముక్క చూసి నెల దాటింది. పక్కింటి షుస్త్రోవా గారికి మాత్రం నీ సంగతులన్నీ తెలుసు. నిన్న పొద్దున్నే పేపరు పట్టుకొచ్చి నా ముక్కు ముందు ఆడించింది. అందులో నువ్వు పెరుగు కప్పు పట్టుకుని పళ్లికిలిస్తున్నావు. ఊళ్లో కొట్టు తలుపు మీద కూడా అదే బొమ్మ, నిలువెత్తున. పాలు కొనుక్కుందామని వెళితే కన్నకొడుకే ఎదురొచ్చి పెరుగు కొనమంటున్నాడు. కొన్నాను, ఏం చేస్తాను. పుల్లగా ఏడ్చింది.

ఫోనులో మాట్లాడుకుందాం అంటావు. నేత మిల్లు నా చెవులు రెండూ ఎప్పుడో మింగేసింది. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు ఈగ ముసిరినట్టుంటుంది. కాబట్టి బద్ధకించకుండా ఉత్తరం రాయి.

అసలు సంగతికొస్తాను. వచ్చే నెల టేబుల్ టెన్నిస్ జాతీయ పోటీలు. నీకా ముప్పై నాలుగేళ్లొచ్చాయి, ఇదే ఆఖరుదని నువ్వే అన్నావు. ఫైనల్ దాకా రెండుసార్లు వెళ్లావు. ఒకసారి నిజంగానే ఓడావు. రెండోసారి నీ అంతట నువ్వే ఓడావు. అవతలివాడి బంతి నీ వైపు బల్ల అంచును గీరుకుంటూ పోతే అంపైరుకి కనపడలేదు, టీవీ ముందు గుడ్లప్పగించి కూర్చున్న నాకూ కనపడలేదు. నువ్వు మాత్రం చెయ్యెత్తి "తగిలింది, పాయింటు ఆయనదే" అన్నావు. కప్పు పోయింది. దేశమంతా నీ వెంట పడింది. మన వ్యాయామశాలలో పిల్లలు ఇప్పటికీ నీలాగే చెయ్యెత్తుతారు. నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. కాకపోతే కాస్త గర్వంగా తిట్టుకుంటాను.

ఈసారి బ్యాటు నన్ను అతికించనివ్వరా. నీ చిన్నప్పటి నుంచి చెక్క మీద రబ్బరు అతికించింది ఈ చేతులే. ఆ ఘాటు జిగుర్లు నిషేధించారంటూ నువ్వు అక్కడే అదేదో నీళ్ల జిగురుతో కానిచ్చేస్తున్నావు. నిషేధించింది జిగురును, నన్ను కాదుగా? ఒక్కసారి. ఆ తర్వాత ఇక అడగను.

నీ నాన్న,
క్వెతొస్లావ్ నెప్రాష్
(నీకు ఇంకో నాన్న ఉన్నాడేమోనని పూర్తి పేరు రాశాను)


పస్సావ్,
20 ఫిబ్రవరి 2010

నాన్నా,

తిట్లన్నీ అందాయి. ఒక్కటీ దారిలో పోలేదు.

పెరుగు నాకూ నచ్చలేదు, ఎవరికీ చెప్పకు. ఇక్కడ జర్మనీలో నన్ను గుర్తుపట్టేది మా క్లబ్బు వాళ్లూ, రొట్టెల కొట్టామే. సరిహద్దు దాటి మన వైపు అడుగుపెడితే చాలు, పెట్రోలు బంకులో కూడా జనం. మొన్న ఒక ముసలాయన కారు దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "బాబూ, మా మనవడు పరీక్షలో కాపీ కొట్టి నీ ఫోటో చూసి వాడే వెళ్లి ఒప్పుకున్నాడయ్యా" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంత ప్రేమ మోయడం కష్టం నాన్నా. కప్పు గెలిచినవాళ్ల పేర్లు మర్చిపోయి, ఓడిన నన్ను గుర్తుపెట్టుకున్నారు. అయినా ఒక్కసారైనా ఆ కప్పు పట్టుకోవాలని ఉంది. నీకు మాత్రమే చెబుతున్నాను.

బ్యాటు నువ్వే అతికించు. చెక్క, కొత్త రబ్బర్లు రెండూ ఈ పార్శిల్లోనే పెట్టాను. పక్కనున్న తెల్ల సీసా నీళ్ల జిగురు. అది తప్ప వేరే జిగురు వద్దు. ఆట అయ్యాక బ్యాటును ఒక యంత్రం దగ్గర పెడతారు. ఘాటు ఏమాత్రం తగిలినా ఎర్ర దీపం వెలుగుతుంది, గెలిచిన ఆట పోతుంది. నీ పాత జిగురు డబ్బా వైపు కన్నెత్తి కూడా చూడొద్దు.

నేను నెలాఖరుకే ఇక్కడి నుంచి బయల్దేరి జట్టు వాళ్లతో ఉంటాను. మన ఊరి క్లబ్బు పెద్ద జ్బినెక్ గారు బస్సు కట్టించుకుని ఆట చూడ్డానికి వస్తారు కదా, ఆయన చేత హోటలుకు పంపు.

నువ్వూ రారాదూ? తుంటి నొప్పని అనకు. అంటావని తెలుసు.

నీ రాదిమ్


లిష్కోవిత్సె,
2 మార్చి 2010

ఒరేయ్ నాన్నా,

ఈ ఉత్తరం పస్సావ్ చేరేసరికి నువ్వు అక్కడ ఉండవు. ఫర్వాలేదు, తిరిగొచ్చాక కప్పు బల్ల మీద పెట్టుకుని తీరిగ్గా చదువుకో.

అతికించేశాను! ఎన్నాళ్లయిందిరా ఆ పని చేసి. వంటింటి బల్ల మీద పేపర్లు పరుస్తుంటే షుస్త్రోవా గారు వచ్చి, "ఏమిటండీ, పెళ్లికొడుకుని చేస్తున్నారా?" అంది. అవునన్నాను. గసగసాల రొట్టెలు తెచ్చింది. తినలేదు, చేతికి నూనె అంటుతుందని.

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత జిగురు డబ్బా అటక మీంచి దించనే లేదు. ముందు మామూలుగానే చెక్కనీ, రబ్బరు వెనక స్పాంజినీ పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాను. కొత్త రబ్బరు మీద ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది, అది పోకపోతే ఏ జిగురూ పట్టదు. ఆ తర్వాత నీ తెల్ల సీసా జిగురే, పల్చగా. అది కాస్త పాలలా ఉంది, నాకు నమ్మకం కుదరలేదు గానీ బాగానే పట్టింది. అంచులు కత్తిరించి ఇస్త్రీ పెట్టె కింద ఒత్తి ఉంచాను. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేశాను. గాలి కూడా దూరదు.

తుంటి నొప్పి నిజమేరా. బస్సులో అంతసేపు కూర్చోలేను. బీరుకొట్టులో పెద్ద టీవీ పెట్టారు, ముందు వరసలో నాకు కుర్చీ వేశారు. శబ్దం వినపడకపోయినా నీ ఆట నాకు అర్థమవుతుంది. డబ్బా మాత్రం ఫైనల్ దాకా వాడొద్దని జ్బినెక్ చేత చెప్పిస్తున్నాను. అంతదాకా నీ మామూలు బ్యాటుతో నెట్టుకురమ్మన్నానని.

నాన్న


హోటలు నుంచి కార్డు,
6 మార్చి 2010, శనివారం

నాన్నా! రేపు ఫైనల్. డబ్బా అందింది. టేపు ఊడదీసి మూత తీయగానే మన వంటిల్లు గుప్పుమంది. ఏళ్ల తర్వాత ఆ వాసన. నిజం చెప్పాలంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. వాసన పోకూడదని వెంటనే మూత పెట్టేశాను. గోరు కూడా తగలనివ్వలేదు, నువ్వు అతికించింది అతికించినట్టే ఆడతాను. జ్బినెక్ గారు ఇప్పటికే గొంతు పోగొట్టుకున్నారు. బీరుకొట్టులో నీకు ముందు వరసలో కుర్చీ వేశారని ఆయనే చెప్పారు, అక్కడే కూర్చో.

రాదిమ్


లిష్కోవిత్సె,
9 మార్చి 2010

రాదిమ్,

నువ్వు గెలవడం చూశాను. బల్ల మీద తలపెట్టి ఏడవడం చూశాను. నేనూ ఏడ్చాను. బీరుకొట్టులో అందరూ నన్ను ఎత్తుకున్నారు, తుంటి నొప్పి కూడా తెలియలేదు.

నిన్న పొద్దున షుస్త్రోవా గారు పేపరు తెచ్చింది. ఈసారి ఆడించలేదు. బల్ల మీద బోర్లా పెట్టి, నా భుజం తట్టి వెళ్లిపోయింది. గెలుపు రద్దు చేశారట. బ్యాటులో నిషేధించిన ఘాటు ఉందట.

ఏమిట్రా ఇది? నేను వాడింది నీ తెల్ల సీసాయే. నా చేతి వల్ల ఏమైనా జరిగిందా? నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు. యంత్రం పాడైందేమో అడిగావా? ఉన్నదున్నట్టు రాయి. నాకు అదొక్కటే కావాలి.

నాన్న


పస్సావ్,
15 మార్చి 2010

నాన్నా,

బుధవారం ఇల్లు చేరాను. నీ రెండో తారీఖు ఉత్తరం తలుపు కింద పడి ఉంది. చదివాను. లేచి కాసేపు ఇంట్లోనే అటూ ఇటూ తిరిగి, మళ్లీ చదివాను. నీ తొమ్మిదో తారీఖుది మర్నాడు వచ్చింది.

నీ చేతి వల్ల ఏమీ జరగలేదు. ముందు ఆ మాట తలలోంచి తీసెయ్యి. ముద్ద తిను.

నేనే చేశాను నాన్నా. ఆదివారం పొద్దున మనసు మార్చుకున్నాను. నీ రబ్బరు ఊడదీసి పాత జిగురుతో అతికించాను. నా దగ్గర ఒక డబ్బా మిగిలి ఉంది. పాత జిగురుతో బంతి ఎలా దూసుకుపోతుందో నీకు తెలుసు. ఒక్కసారి గెలవాలనిపించింది, అంతే.

మొదట కమిటీ వాళ్లు అడిగితే నాకేమీ తెలియదన్నాను. బ్యాటు ఎవరు తయారుచేశారో కనుక్కోవడానికి మన ఊరికి మనిషిని పంపిస్తామన్నారు. గురువారం పొద్దున నేనే ఫోను చేసి, ఎవరూ వెళ్లక్కర్లేదు, నేనే చేశానని ఒప్పుకున్నాను. ఏడాది పాటు ఎక్కడా ఆడకూడదన్నారు. ఈ వయసులో ఏడాదంటే ఇక అయిపోయినట్టే. నువ్వు బాధపడకు.

నన్ను తిట్టు. ఎంతైనా తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

రాదిమ్


లిష్కోవిత్సె,
28 మార్చి 2010

రాదిమ్,

తిట్టమన్నావు. తిట్టను. అడుగుతాను.

కప్పు కోసం తప్పు చేశావు, సరే. మనిషన్నాక చేస్తాడు. కానీ గోరు కూడా తగలనివ్వలేదని శనివారం నాకు కార్డు రాసి, ఆదివారం నేను అతికించినదాన్ని పీకి పారేశావా? చేతికి నూనె అంటుతుందని రొట్టె ముక్క కూడా తినకుండా అతికించానురా. నీకు నా పని పనికిరాకపోతే ముందే చెప్పాల్సింది.

ఇక్కడ ఎలా ఉందో తెలుసా? వ్యాయామశాల గోడ మీద నీ ఫోటో తీసేశారు. మేకు మాత్రం ఉంచారు. కొట్టు తలుపు మీద పెరుగు బొమ్మ చింపేశారు, నీ చెయ్యి ఒక్కటి అద్దానికి అంటుకుని ఉంది. నేను బీరుకొట్టులోకి వెళితే ఒకడు ముక్కు మూసుకుంటాడు, మిగతావాళ్లు నవ్వుతారు. నాకు చెవులు లేవు గానీ కళ్లున్నాయి. ఊరందరికీ నువ్వంటే ఎంత పిచ్చో, ఇప్పుడు అంత కసి. నమ్మించి మోసం చేశాడంటున్నారు.

ఈస్టరుకు రావొద్దు. నీ మొహం చూసి ఏం మాట్లాడాలో నాకు తెలియదు.

క్వెతొస్లావ్ నెప్రాష్


పస్సావ్,
11 సెప్టెంబర్ 2010

నాన్నా,

ఇది నేను రాస్తున్న ఎన్నో ఉత్తరమో. ఒక్కదానికీ జవాబు లేదు. షుస్త్రోవా గారు కార్డు రాశారు కాబట్టి నువ్వు తిరుగుతున్నావనీ, పుట్టగొడుగులు ఏరుకొచ్చి ఎండబెడుతున్నావనీ తెలిసింది. ఆ తుంటి నొప్పి పెట్టుకుని అడవిలోకి ఎందుకు వెళ్తావు? వెళ్తావులే. నా మాట ఎప్పుడు విన్నావు.

క్లబ్బు వాళ్లు నన్ను వదులుకున్నారు. బడిలో సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. వాళ్లకు నేనెవరో తెలియదు, హాయిగా ఉంది. ఒకమ్మాయి ప్రతి బంతినీ దోమను చంపినట్టు కొడుతుంది. నువ్వు చూస్తే నవ్వుతావు.

మన దేశం వైపు వెళ్లడం మానేశాను. ఒకసారి వెళ్లాను. బంకులో ఒకావిడ గుర్తుపట్టి, తన కొడుకుని నా ముందు నుంచి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఆ రోజు బాగా ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. వాళ్లు నన్ను అసహ్యించుకున్నా తట్టుకుంటాను గానీ, నువ్వు మాట్లాడకపోతే తట్టుకోలేకపోతున్నాను.

ఒక్క ముక్క రాయి. తిట్టయినా సరే.

నీ రాదిమ్


లిష్కోవిత్సె,
27 డిసెంబర్ 2010

ఒరేయ్ నాన్నా,

కోపం వచ్చినంత తేలిగ్గా పోదురా. ముసలాడి కోపం మరీను. క్రిస్మస్ రాత్రి నీ కంచం కూడా పెట్టాను. చేప ముక్క వేశాను. దాన్ని చూస్తూ కూర్చున్నాను, తినలేకపోయాను.

నిన్న స్తెపాన్ పండగ కదా, ఎప్పటిలాగే వ్యాయామశాలలో పోటీ. పసివాడి దగ్గర్నుంచి పళ్లూడిన తాత దాకా అందరూ ఆడారు, గెలిచినవాడికి సాసేజీల దండ. వెళ్లకూడదనుకున్నాను. షుస్త్రోవా గారు కోటు తొడిగి లాక్కెళ్లింది. మూల బెంచీ మీద కూర్చున్నాను. దండ ఇచ్చే కసాయి ఓల్డ్రిఖ్ మధ్యలో నిలబడి ఏదో అన్నాడు. అందరూ బ్యాట్లు ఎత్తి వాసన చూసి పగలబడి నవ్వారు. ఏమన్నాడని షుస్త్రోవా గారిని అడిగితే చెప్పలేదు. చెప్పక్కర్లేదు. వాళ్లలో ఒక బుడ్డాడు కూడా ఉన్నాడు, నిరుడు నీలా చెయ్యెత్తినవాడు.

నాకేం పూనిందో తెలియదు. బెంచీ ఎక్కేశాను. తుంటీ లేదు, ఏమీ లేదు.

"నవ్వింది చాలు! వాడు కాదురా, నేను. ఆ బ్యాటు అతికించింది నేను. పెట్రోలుతో స్పాంజి తుడిచి, డబ్బాలో బిగించి పంపింది నేను. వాడికి పాపం ఏమీ తెలియదు. నన్ను కాపాడ్డానికి నింద మీద వేసుకున్నాడు. ముక్కు మూసుకోవాలనుంటే నన్ను చూసి మూసుకోండి!" అని అరిచాను.

ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. ఎత్తిన బ్యాట్లన్నీ కిందికి దిగాయి.

రాదిమ్, నా జన్మలో అంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు కూడా. పెట్రోలు ఎందుకు నోటికొచ్చిందంటే, ఆ రోజు నేను నిజంగా చేసినవాటిలో నువ్వు చెప్పకపోయినా చేసింది అదొక్కటే. వెంటనే నమ్మేశారురా! ఓల్డ్రిఖ్ ఏడ్చేశాడు, దండ తెచ్చి నా మెడలో వేశాడు. నీ ఫోటో బీరువాలోంచి తీసి మళ్లీ అదే మేకుకు తగిలించారు. నా బ్యాటు అతికించవా అని ఇక ఎవరూ రారు, అది నాకు తెలుసు. పోనీ. నా పేరు పోతే ఎంత, నీ పేరు వచ్చింది. నీ మీద కోపం కూడా ఆ బెంచీ మీదే పోయింది.

కానీ తర్వాత జ్బినెక్ నా పక్కన కూర్చుని కాగితం మీద రాసి అడిగాడు. స్పాంజిని తుడిచావా? ఆరబెట్టకుండానే అతికించావా? మూత బిగించావా, ఎన్నాళ్లు? అన్నిటికీ అవునన్నాను, అవన్నీ నిజమే కదా. ఆయన తల పట్టుకున్నాడు. "క్వెతొస్లావ్, అది చాలయ్యా. స్పాంజి పెట్రోలు తాగేస్తుంది, మూత తీసేదాకా బయటికి పోదు. జిగురు అక్కర్లేదు, ఆ యంత్రానికి అదే చాలు" అని రాశాడు. పోటీలు నడిపే సంఘానికి ఉత్తరం తయారుచేస్తున్నాడు. నువ్వు కూడా నిజమేనని సంతకం పెడితే నీ పేరు మీద మచ్చ తుడిచేస్తారట, ఏడాది గడువు తీరకముందే మళ్లీ ఆడనిస్తారట.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. అప్పటి నుంచి దాన్ని తీసి తీసి చదువుతున్నానురా.

నేను ఆడింది అబద్ధమైతే ఫర్వాలేదు. ఎన్నిసార్లయినా ఆడతాను, సంఘం ముందు కూడా ఆడతాను. కానీ అది నిజమైతే? నువ్వు నా రబ్బరు పీకనే లేదా? నా చేతులతో నేనే నీ కప్పు, నీ ఆట, నీ పేరు, అన్నీ... ఆపైన నిన్ను ఈస్టరుకు రావొద్దని... అది నిజమైతే నేను ఎలా బతకాలో నాకు తెలియదు నాన్నా.

నువ్వు దేశం మొత్తానికి అబద్ధం చెప్పినా నాకు చెప్పొద్దు. పోయిన మీ అమ్మ మీద ఒట్టేసి రాయి. నా రబ్బరు ఊడదీసింది నువ్వేనా?

నీ నాన్న


పస్సావ్,
3 జనవరి 2011

నాన్నా,

ఎంత పని చేశావు! నీ తుంటికి బెంచీలెక్కడం ఒక్కటే తక్కువైంది. షుస్త్రోవా గారు పక్కనుండి పట్టుకుందా, లేక నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిందా?

నా కోసం అంతమంది ముందు నిలబడ్డావు. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. ఇక నాకు కప్పు అక్కర్లేదు నాన్నా, ఈ మాట మొహమాటానికి అనడం లేదు.

ఇక నీ ప్రశ్న. జ్బినెక్ గారు మంచివారు, ఊరికే అంత దూరం ఆలోచించారు. పెట్రోలు చిటికెలో ఎగిరిపోతుంది. నువ్వు అతికించిన బ్యాటులో ఏ దోషమూ లేదు. ఆదివారం పొద్దున హోటల్లో కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుని, నీ రబ్బరు మూల పట్టుకుని లాగాను. రాలేదు. అంత బాగా అతికించావు. గోళ్లు నొప్పెట్టాయి. చివరికి వేడినీళ్ల గుడ్డ వేసి ఊడదీశాను. నా డబ్బాలో జిగురు పూసి వేరే రబ్బరు అతికించాను. తర్వాత నీ రబ్బరు పారెయ్యడానికి మనసొప్పక సంచిలో పెట్టుకున్నాను, అది ఆ గొడవలో ఎక్కడో పోయింది. ఇంతకంటే ఏమీ లేదు.

ఆ ఉత్తరం సంఘానికి పంపొద్దని జ్బినెక్ గారికి చెప్పు. ఆయన పంపినా నేను సంతకం పెట్టను. అబద్ధం కింద నా పేరు పెట్టలేనని నీకంటే బాగా ఎవరికి తెలుసు? ఊళ్లో నువ్వు చెప్పింది ఊళ్లోనే ఉండనీ. ఆట ఇక చాలు నాకు. పిల్లలు ఉన్నారు.

శనివారం బస్సెక్కి వస్తున్నాను. చేప మిగిలితే ఉంచు, లేకపోతే బంగాళాదుంపలు ఉడకబెట్టు. ఈ సంగతి మాత్రం ఇక ఎప్పుడూ అడగకు.

అమ్మ మీద ఒట్టు నాన్నా. నేనే ఊడదీశాను.

నీ రాదిమ్